రంగు తక్కువ పసుపు

"గీ కల్తీ పసుపు నాకొద్దు! రంగే లేదు. దుకాణంల ఒక్కలు గూడ ముట్టుతలేరు."

నందిపేట్‌లో కిరాణా దుకాణం నడిపే లింగవ్వ, సంచీని పసుపు మిల్లు గుమ్మంలో పడేసింది.

మిల్లు యజమాని శ్రవణ్‌కుమార్‌కు ఒళ్లు మండింది. రంగు కలపనని మొండికేసినందుకు ఇప్పటికే సగం గిరాకీ పోయింది.

"కల్తీ కాదు పెద్దమ్మా! గది నీ చేన్ల పండిందే. మొన్న నువ్వు నాకు అమ్మిన కొమ్ములే పొడి పట్టిన. రంగు కలపలే, గంతే."

లింగవ్వ చిటికెడు తీసి వాసన చూసింది. నాలుక మీద వేసుకుంది. ముఖం మెత్తబడింది.

"ఔ బిడ్డా, మా పసుపే."

హమ్మయ్య, ఒక్కరికైనా అర్థమైందనుకున్నాడు శ్రవణ్.

లింగవ్వ సంచీని మళ్లీ చంకనెత్తుకుంది.

"గిది మా ఇంట్లకు ఉంచుకుంట. దుకాణంలకు మాత్రం జర రంగు కలిపియ్యి."