సగం గడ్డం

"లేవండి, లేవండి! ఈ దుకాణం మూసేస్తున్నాం," అని గుమ్మంలోంచే కేకేశాడు ఇన్‌స్పెక్టరు. ఒక చేతిలో తాళం, ఇంకో చేతిలో సీలు.

కత్తెరక్క చేతిలో కత్తి గాల్లోనే ఆగిపోయింది. మగవాళ్లకి గడ్డాలు గీసి, జుట్టు కత్తిరించి ఇంటిల్లిపాదినీ పోషిస్తున్న ఆవిడకి ఆ వీధి పెట్టిన పేరది. కుర్చీలో పెద్దమనిషికి కుడి చెంప నున్నగా తేలింది. ఎడమ చెంప ఇంకా నురగలోనే ఉంది. కళ్ల మీద వేడి తువ్వాలు.

"నేనేం నేరం చేశానండీ?"

"క్షురకుల సంఘం కార్డు లేకుండా కత్తి పట్టుకున్నావు."

"కార్డు కోసం కాళ్లరిగేలా తిరిగాను! సంఘం సభ్యుడి దగ్గర మూడేళ్లు పని నేర్చుకుంటేనే ఇస్తారట. నేర్పండి బాబూ అని వెళితే ఒక్క సభ్యుడూ గుమ్మం తొక్కనివ్వడు. ఇంక కార్డు ఆకాశంలోంచి ఊడిపడుతుందా?"

"అదంతా నాకు చెప్పకమ్మా. ప్రజల చెంపలకి రక్షణ ఉండాలా వద్దా?"

కత్తెరక్కకి ఒళ్లు మండిపోయింది. మండదా మరి? పని నచ్చినవాడు మళ్లీ వస్తాడు, నచ్చనివాడు పక్క దుకాణానికి పోతాడు. మధ్యలో ఈ రక్షణ ఎవరడిగారట?

"నా చేతిలో ఎవరి చెంప తెగిందో చూపించండి, ఈ కత్తి మీకే ఇచ్చేస్తాను. ఆ కార్డున్న దుకాణాల్లోంచి వచ్చేవాళ్లని చూశారా? పిల్లితో పోట్లాడొచ్చినట్టుంటారు!"

"సంఘం అధ్యక్షుడుగారే స్వయంగా ఫిర్యాదు చేశారు. నీ దగ్గర గడ్డం గీయించుకుంటే ప్రాణానికే ముప్పట."

"ఆయన నా పనెప్పుడు చూశాడు? నేనాయన మొహమే ఎరగను!"

"చూడక్కర్లేదు. ఆయన అధ్యక్షుడు."

"అయితే చూసినవాళ్లనే అడగండి." కత్తెరక్క కుర్చీ వైపు తిరిగింది. "అయ్యా, వారం వారం వస్తారు కదా. నా చేతిలో మీకు ఎప్పుడైనా గాటు పడిందా? నా పొట్ట కొడుతున్నారు. ఒక్క మాట చెప్పండి, పుణ్యముంటుంది."

ఆయన మెడ చుట్టూ ఉన్న గుడ్డని గడ్డం దాకా లాక్కుని, కుర్చీలో ఇంకాస్త కిందికి జారాడు.

కళ్లెదుట అన్యాయం జరుగుతుంటే నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని కూర్చునే మనుషులంటే కత్తెరక్కకి పరమ అసహ్యం. "ఇంత పిరికితనమా!" అనేసింది పైకే.

"సాక్ష్యాలు తర్వాత. ముందు మీరు లేవండి సార్," అంటూ ఇన్‌స్పెక్టరు ఆయన కళ్ల మీది తువ్వాలు లాగేశాడు. లాగినవాడు రెండడుగులు వెనక్కి వేసి, వంగి నమస్కారం పెట్టాడు.

"అధ్యక్షులుగారూ... తమరా!"

కత్తెరక్క గిరుక్కున కుర్చీ వైపు తిరిగింది. కుర్చీలో మనిషి మాత్రం తాపీగా సర్దుకుని కూర్చుని, ఎడమ చెంప మీద నురగ ఆరిపోయిందేమోనని వేలితో తడిమి చూసుకున్నాడు.

"తొందరేముందయ్యా, ఈ సగం కూడా గీయనీ. సీలు ఆ తర్వాత వేద్దువుగాని."