గొళ్లేలు లేని ఇల్లు

జగ్గారావు సంచిలోంచి వంకరపోయిన గొళ్లెం తీసి మామ ముందు పెట్టాడు.

"ఇది మూడోది మావా. నీ కూతురే ఇరగ్గొట్టీసింది."

వరహాలు గొళ్లెం వైపు చూశాడు. ముట్టుకోలేదు. పెందుర్తిలో అతని ఇంట్లో ఏ తలుపుకీ గొళ్లెం లేదు. డెబ్బై రెండులో, యుద్ధం నుంచి వచ్చిన నెలలోనే అన్నీ పీకి పారేశాడు. పదకొండేళ్లయింది. మళ్లీ పెట్టించలేదు.

తాయారు గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. చంకలో రెండేళ్ల పాప. బట్టల పెట్టె అరుగు మీదే ఉంది. జగ్గారావు దాన్ని లోపలికి తేలేదు.

"ఏటైనాదమ్మా?" వరహాలు అడిగాడు.

"ఈయన తానం సేత్తంటే తలుపు కొట్టాను నాన్నా. మూడుసార్లు. పలకనేదు."

"ఎలగ పలకమంటావు? పోర్టులో డ్యూటీ దిగొచ్చి ఒంటికి పట్టిన ఇనపరజను కడుక్కుంటన్నాను. నోటి నిండా సబ్బు! రోకలట్టుకొచ్చి తలుపు పగలగొట్టీసింది మావా. నురగతోటే వీధందరికీ దర్శనమిచ్చాను."

ఎవరూ నవ్వలేదు.

పుట్టింట్లో తాయారు నేర్చుకున్నదే అది. తలుపు మూసి ఉంటే వరహాలు బయటి నుంచి మూడుసార్లు కొట్టేవాడు. లోపలున్న వాళ్లు తిరిగి మూడుసార్లు కొట్టాలి. కాస్త ఆలస్యమైతే ఏడుస్తూ తోసుకుని వచ్చేసేవాడు.

ఎందుకో అతను చెప్పలేదు. వాళ్లూ వీళ్లూ అన్న ముక్కలు కలుపుకుని తాయారే అందరికీ చెప్పేది. బళ్లో, వీధిలో, అత్తవారింట్లో. యుద్ధంలో నాన్న పనిచేసే నేవీ ఓడకి చిల్లు పడింది. నీళ్లొస్తున్న గదిలో నాన్న చిక్కుకుపోయాడు. కొట్టగా కొట్టగా ఎవరో విని తలుపు తీశారు. ఓడ మునగకుండా కాపాడాడని పతకం కూడా ఇచ్చారు.

ఆ పతకం ట్రంకుపెట్టె అడుగున గుడ్డలో చుట్టి ఉంది. వరహాలు దాన్ని ఒక్కసారీ బయటికి తీయలేదు.

"నా సంగతి వదిలీ మావా." జగ్గారావు గొంతు తగ్గింది. పాపని చూపించాడు. "నిన్న ఈ గుంట ఏటి సేసిందో తెలుసా? ఆళ్లమ్మ దొడ్డికెళ్తే తలుపు కాడ కూకుని మూడుసార్లు కొట్టింది. పలికేలోగా గుక్కపట్టి ఏడిసింది. రెండేళ్లది!"

తాయారు తల దించుకుంది.

"నీ కూతురు నీ మాటే ఇంటాది. నువ్వు బయటికొచ్చీసావనీ, ఆ ఓడ గొడవ ఎప్పుడో అయిపోనాదనీ దానికి ఒక్కసారి సెప్పు. బట్టల పెట్టి మా ఇంటికి నానే మోసుకెల్తాను. సెప్పలేవూ, ఇద్దర్నీ నువ్వే ఉంచుకో."



పాప తల్లి చంక దిగింది. చేరవేసి ఉన్న వంటింటి తలుపు దగ్గరికి నడిచింది. చిన్న పిడికిలితో కొట్టింది.

టక్. టక్. టక్.

చెవి ఆనించి వింటోంది. వంటింట్లో ఎవరూ లేరు. పాప పెదవి వణకడం మొదలైంది.

వరహాలు ఒక్క ఉదుటున లేచి పాపని ఎత్తుకున్నాడు. రెండు చేతులతో దాని చెవులు మూశాడు. కూతురి వైపు తిరిగాడు.

"నీళ్లొచ్చీసిన ఆ గదిలో నాతోటోళ్లు ఆరుగురు లోపల్నుంచి కొడతానే ఉన్నారమ్మా, బయట తలుపు బిగించింది నానే."