బెయిలెమోర్‌లో ఒక ఓటు

బాతు వెంటపడితే మనిషి ఎంత వేగంగా పరిగెత్తగలడో షోనాకు ఆ రోజే తెలిసింది.

గ్లాస్గోలో చెప్పుల దుకాణం నడిపే షోనా, దానికి తాళం వేసి మరీ ఈ దీవికి ప్రచారానికొచ్చింది.

స్కాట్లాండు విడిపోవాలా, వద్దా? వచ్చే గురువారమే ఓటింగు.

సంచీ నిండా 'అవును' బ్యాడ్జీలు. నోటి నిండా ఉపన్యాసం.

బెయిలెమోర్ పల్లెలో ఉన్నవే కాసిని గడపలు. ప్రతి గడపలోనూ టీ ఇచ్చారు. ఓటు మాత్రం కుదరదన్నారు.

చివరింటి ఎఫీ అవ్వ టీ కూడా ఇవ్వలేదు.

"నా పింఛను లండన్ నుంచి వస్తుంది పిల్లా. నీ స్వాతంత్ర్యం నెలనెలా వస్తుందా?" అంటూ బాతును వదిలింది.

షోనా గోడ దూకి బురదగుంటలో మోకాళ్ళదాకా దిగబడింది. బాతు గట్టు మీద నిలబడి బుసకొట్టింది.

అప్పుడొచ్చాడు ట్రాక్టరు మీద ఒక పెద్దాయన. బాతుతో ఆ ఊరి గేలిక్ భాషలో ఏదో గట్టిగా అన్నాడు. అది తల దించుకుని ఇంటిదారి పట్టింది.

"ఏమన్నారు దాంతో?" అంది షోనా. ఆ భాష ఆమెకు రాదు.

"క్రిస్మస్ దగ్గరపడుతోందని గుర్తుచేశాను," అన్నాడాయన ఇంగ్లీషులో.

షోనా మొహం మాడిపోయింది. అచ్చమైన లండన్ యాస!

"మీది ఇంగ్లండా?"

"పుట్టింది అక్కడే. నా పేరు నెవిల్. చెయ్యి ఇలా ఇవ్వమ్మా."

"మా దేశం మాకు కావాలో వద్దో చెప్పడానికి మీరెవరండీ?"

"ముందు బయటికి రా, తర్వాత నన్ను కడుగుదువుగాని. ఆ ఎడమ బూటు మీద మాత్రం ఆశ వదులుకో."

పడవల రేవుదాకా ట్రాక్టరు మీద దింపుతానన్నాడు. ఒంటి బూటుతో కూర్చుని షోనా దారంతా వాయించింది.

"ఇక్కడి ఇళ్ళన్నీ మీవాళ్ళే కొనేశారు. పైగా ఓటు కూడానా! ఇంటి పంపకాల్లో చుట్టపుచూపుగా వచ్చినవాడు చెయ్యెత్తుతాడా?"

"నేనొచ్చి ముప్పయ్యేళ్ళు దాటిందమ్మా."

"అయినా యాస పోలేదు!"

నెవిల్ నవ్వాడు. "మా ఆవిడా అదే అనేది. ఆమెది ఈ ఊరే. ఇప్పుడు ఆ కొండవాలున పడుకుంది."

షోనా ఒక్క క్షణం తడబడింది. కానీ దూరంగా పడవ కూత వినిపిస్తోంది.

"ఆవిడ మీద గౌరవం ఉంటే ఆ రోజు ఇంట్లో కూర్చోండి. ఈ తీర్పు ఇక్కడ పుట్టినవాళ్ళని చెప్పనివ్వండి."

"అసలు నా ఓటు ఎటో..."

"ఎటో నాకు తెలుసు లెండి!"

నెవిల్ రేవులో ఇంజను ఆపాడు. ఆమె సంచీ దించి చేతికిచ్చాడు.

"నువ్వన్నదాంట్లో న్యాయం ఉందమ్మా," అన్నాడు చివరికి. "ఓటుకు నేను రాను."

పడవెక్కగానే షోనా గ్లాస్గోకు ఫోన్ చేసింది.

"బూటు ఒకటి పోయింది. 'కాదు' ఓటు ఒకటి తగ్గించాను!"

అవతల చప్పట్లు మోగాయి.

గురువారం ఓటింగు జరిగే ఆ ఊరి బడి బయట నిలబడే పని ఆమే అడిగి తీసుకుంది. ఊరు ఊరంతా వచ్చి ఓటేసింది. నెవిల్ రాలేదు.

మాట మీద నిలబడే మనిషేనని లోలోపల మెచ్చుకుంది.

చీకటి పడుతుండగా ఎఫీ అవ్వ వచ్చింది. ఓటేసి, ఇంటికి పోకుండా గేటు దగ్గరే నిలబడి రోడ్డువైపు చూడసాగింది.

"ఎవరికోసం అవ్వా?"

"నెవిల్ కోసం. తలుపులు మూసే వేళయింది. పొద్దున పిలిస్తే తనకు హక్కు లేదంటాడు! ఆ దిక్కుమాలిన మాట ఎవరు ఎక్కించారో!"

షోనా ఛాతీ విరుచుకుంది.

"నేనే! పాపం, మీకొక ఓటు నష్టం."

అవ్వ ఆమెను ఎగాదిగా చూసింది.

"మాకేం నష్టం పిల్లా? ఇన్నేళ్ళుగా మా వంటిళ్ళలో కూర్చుని 'విడిపోదాం, విడిపోదాం' అని మా ప్రాణాలు తోడినవాడు ఈ ఊరి మొత్తానికి వాడొక్కడే."