విన్నావా, ఒప్పుకుంటావా

“ఇవాళ్టికి నలభై పేజీలు అయిపోయాయి వదినా,” అన్నాను బైబిలు మూస్తూ. బాప్తిస్మం తీసుకుని వారమైనా కాలేదు, నెలాఖరుకల్లా మొత్తం చదివేస్తానని సంఘమంతా చాటుకుని వచ్చాను మరి.

వదిన బఠాణీలు ఒలుస్తోంది. “ఏముంది వాటిలో?”

“పేర్లు. చాలా పేర్లు.”

“కోర్టులో సాక్షి చెప్పింది రాసి, తిరిగి చదివి వినిపించేది నువ్వేగా. అక్కడా ఇలాగే పరిగెత్తిస్తావా?”

“ఇంతకంటే వేగంగా,” అన్నాను. అదీ ఒక గొప్పే అనుకునే రకాన్ని నేను.

“చదివాక?”

“విన్నావా, ఒప్పుకుంటావా అని సాక్షిని అడుగుతాను. ఆ తర్వాతే సంతకం.”

“మరి ఈ నలభై పేజీలు చదివాక నిన్నెవరూ అలా అడగలేదే. ఆ పేర్ల సంగతి తర్వాత చూద్దాం. ముందు సువార్తలు చదువు, రోజుకి నాలుగు వాక్యాలు చాలు. మత్తయి ఐదో అధ్యాయం తియ్యి.”

ఆమె వేలు పెట్టిన చోట గొంతు సవరించుకుని చదివాను. నీ సోదరుడికి నీ మీద కోపముంటే, దేవుడికి తెచ్చిన కానుక బలిపీఠం దగ్గరే వదిలేసి ముందు వెళ్లి సమాధానపడమని ఉంది.

పక్కగదిలో అన్నయ్య పేపరు తిరగేస్తున్నాడు. ఒకే ఇంట్లో ఉంటూ మేం మాట్లాడుకుని ఏడాదైంది. తగువు తెచ్చింది నేను, మాట మానేసిందీ నేనే.

“విన్నావా?” అంది వదిన.

“విన్నాను.”

“ఒప్పుకుంటావా?”

పక్కగదిలో పేపరు చప్పుడు ఆగింది.

ఆ ప్రశ్న దగ్గర నీళ్లు నమిలే సాక్షుల్ని ఇన్నేళ్లుగా కసురుకుంటూ వచ్చినవాణ్ణి. ఆ వాక్యాన్నే మళ్లీ మొదటినుంచి, ఈసారి మెల్లగా చదవడం మొదలుపెట్టాను.