చలిమనిషి

దగ్గరికి జరగండర్రా. ఆ ఫ్యాను అలాగే ఉండనీయండి, కథ దాని దగ్గరే మొదలవుతుంది.

చొక్కాలు కుట్టే షెడ్డు ఒకటి. అందులో కాజాలు కుట్టే ఆమెను అందరూ కాజాలక్క అనేవాళ్లు. యాభై దాటింది, నెలసరి ఆగి ఏడాదయింది. అంతే, ఒంట్లో పొయ్యి రాజుకుంది.

కూర్చుంటే సెగ. లేస్తే చెమట. మొహం కడుక్కుని వచ్చేలోగా మళ్లీ సెగ.

"ఏమైందక్కా?" అని అడిగితే, "ఏముంది, పైత్యం" అనేది.

చేయి కుదరక మూడు చొక్కాలకు కాజాలు వంకరపోయాయి.

"ఇంకొక్కటి చెడిందా, ఇంట్లో కూర్చోవడమే," అన్నాడు మేస్త్రి.

ఆ వారమే పక్క బల్ల మీద గుండీలు కుట్టడానికి కొత్తామె వచ్చింది. మెడచుట్టూ ఎప్పుడూ తువ్వాలు. వస్తూనే తన వైపున్న ఫ్యానును కాజాలక్క వైపు తిప్పేసింది.

"నాకు గాలి పడదక్కా."

"ఇంత ఉక్కలోనా? భలే చలిమనిషివే!"

పేరు అలా అతుక్కుపోయింది.

గాలి హాయిగానే ఉంది. ఆ చూపే నచ్చలేదు. కాజాలక్కకు సెగ వచ్చి లేచినప్పుడల్లా చలిమనిషి ఓరగా చూసేది. గుడ్డపేలిక ఒకటి తీసి, దాని మీద విరిగిన గుండీ ఒకటి కుట్టేది.

ఇలా ఇరవై రోజులు.

"నన్ను లెక్కపెడుతున్నావా?"

"అవునక్కా. రేపు డాక్టరమ్మ..."

"డాక్టరా? నాకేం రోగమని?"

షెడ్డులో మిషన్లన్నీ ఆగిపోయాయి. కాజాలక్క ఆగలేదు. నేరుగా మేస్త్రి దగ్గరికి వెళ్లింది.

"నేనెన్నిసార్లు లేస్తున్నానో మీకు చాడీలు మోయడానికి లెక్క కడుతోంది. చలిమనిషి కదా పాపం, ఇస్త్రీ గదిలో వేయండి. వెచ్చగా ఉంటుంది."

మేస్త్రి వేశాడు. చలిమనిషి వెళ్తూ వెళ్తూ ఫ్యాను కాజాలక్క వైపే ఉందో లేదో చూసుకుని మరీ వెళ్లింది. నాలుగు రోజులకు పని మానేసింది.

మరో వారానికి నాలుగో చొక్కా చెడబోయి వెంట్రుకవాసిలో తప్పింది. ఇక లాభం లేదని కాజాలక్క డాక్టరమ్మ దగ్గర కూర్చుంది.

"హార్మోను మందంటే భయమమ్మా. క్యాన్సర్ తెస్తుందంటారు."

"ముప్పు కొంచెం ఉంది. మేలూ ఉంది. ఏది ఎక్కువన్నది ఎవరి ఒంటిని బట్టి వాళ్లకి. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకైతే మామూలుగా ఇవ్వం. మాత్ర ఉంది, ఒంటికి అంటించుకునే పట్టీ ఉంది, హార్మోను లేని మందులూ ఉన్నాయి. సరే, రోజుకెన్నిసార్లు వస్తోంది సెగ? కొన్నాళ్ల లెక్క ఉంటే చెప్పు, చూద్దాం."

"అవన్నీ ఎవరు లెక్కపెడతారమ్మా..." అంటుండగానే కాజాలక్కకు ఆ గుండీల పేలిక గుర్తొచ్చింది.

ఒక కాలికి చెప్పు సరిగ్గా ఎక్కకుండానే షెడ్డుకు పరిగెత్తింది.

"మేస్త్రీ, ఆవిడ పేలిక ఏమైనా ఉందా?"

మేస్త్రి సొరుగు లాగాడు. "నీకిమ్మని ఇచ్చిపోయింది. నీ కోపం చూసి నేనే దాచా. రోజుకో వరుసట. తెల్ల గుండీలు నీ సెగలట."

"మరి ఈ నల్లవి?"

"ఆవిడవి. మానేసేరోజు చెప్పింది. రొమ్ము ఆపరేషనయిందట, హార్మోను మందు వాడకూడదట. ఆ తువ్వాలు కూడా గంటకోసారి తడిపి కట్టుకునేదట."

కాజాలక్క పేలికను కిటికీ వెలుగులో పరిచింది. ఏ వరుస చూసినా తెల్లవాటి కంటే నల్లవే ఎక్కువ. చివరి నాలుగు వరుసలు ఇస్త్రీ గదివి. వాటిలో తెల్లది ఒక్కటీ లేదు, గుడ్డ కనబడనంతగా అన్నీ నల్లవే.

కాజాలక్కకు మందు కుదిరిందీ, పని నిలిచిందీ ఆ తెల్ల గుండీల లెక్కతోనే, కానీ మీరు ఇంకొకరికి చెప్పేటప్పుడు నల్లవాటిని మాత్రం మర్చిపోకండి.