ధర్మన్న షేర్ ఆటో

యముడి ఉద్యోగం ఊడింది.

టార్గెట్లు అందుకోవడం లేదని పైనుంచి నోటీసు ఇచ్చి, ఆ పనంతా కాంట్రాక్టుకు అప్పగించేశారు. యుగాల సర్వీసుకు ఒక శాలువా కూడా కప్పలేదు. యముడు దున్నపోతును తుర్కయంజాల్‌లో ఒక రైతు ఇంట్లో కట్టేసి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్‌కు షేర్ ఆటో నడుపుకుంటున్నాడు. ఓడలు బళ్లవుతాయంటారు గానీ, దున్నపోతు ఆటో కావడం ఇదే మొదలు.

అడ్డా మీద ఆయన్ని ధర్మన్న అంటారు. ఆ మీసం చూసి ట్రాఫిక్ పోలీసులు కూడా మర్యాదగా మాట్లాడతారు.

ఆ సాయంత్రం నాలుగు దాటాక ఒక యువకుడు పరుగెత్తుకొచ్చి ఆటో ఎక్కాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త బూట్లు, గుండెలకు హత్తుకున్న బ్యాగు.

"ఎల్బీనగర్‌లో పెద్దాసుపత్రి దగ్గర దించండి. త్వరగా వెళ్లాలండీ."

"కూసో తమ్మీ. నిండంగనే పోదాం," అన్నాడు ధర్మన్న.

"మెట్రోల పోతే అయిపోతుండె గద బాబూ," అంది అప్పటికే కూరగాయల సంచితో లోపల కూర్చున్న ప్రసన్న.

"బ్యాగు చూసి లోపలికి రానివ్వలేదండీ."

పచ్చడి సీసా ఉందేమో అనుకుంది ఆమె. "దవాఖానల ఎవరున్నరు?"

"మల్లమ్మగారు. ఐసీయూలో ఉన్నారు. ఐదు లోపు నేను పక్కన ఉండాలి. ఐదు దాటాక వెళ్లినా లాభం లేదు."

"కొడుకులు, బిడ్డలు లేరా?"

"ఉన్నారు. కానీ నేనే వెళ్లాలండీ."

ప్రసన్నకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఈ కాలంలో ఇలాంటి పిల్లలా?

"ధర్మన్నా, జర తియ్యరాదే. అవతల ప్రాణం మీదికొచ్చింది."

"ప్రాణాల సంగతి నాకు చెప్తవా అక్కా? ఇంకొక్క సీటే."

ధర్మన్న ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఆటో రెండడుగులు ముందుకు పోయింది. యువకుడి ముఖం వెలిగింది. ఆటో మళ్లీ రెండడుగులు వెనక్కి వచ్చింది. షేర్ ఆటో ఎక్కిన వాళ్లందరికీ తెలిసిన నాట్యమే అది.

కోచింగ్ నుంచి ఇద్దరమ్మాయిలు వచ్చారు. "ఒక్కరికే జాగ ఉన్నది," అన్నాడు ధర్మన్న. వాళ్లు వెనక ఆటో ఎక్కి వెళ్లిపోయారు. ప్రసన్న నోరు తెరిచింది. సందు దొరికితే తన సీటు చివర కూడా ఒకణ్ని కూర్చోబెట్టుకునే మనిషికి ఇవాళ ఈ నీతి ఎక్కణ్నుంచి వచ్చింది?

యువకుడు కూడా దిగబోయాడు. ధర్మన్న భుజం పట్టి కూర్చోబెట్టాడు.

"యాడికి? ఇగో, పోతనే ఉన్నం."

చివరికి వెంకటనర్సయ్య అనే పెద్దాయన వచ్చి ఆఖరి సీటు నింపాడు. హమ్మయ్య అనుకునేలోపు కొత్తపేటలో ఆటో గ్యాస్ బంకులోకి తిరిగింది. ముందు కొండవీటి చాంతాడంత లైను.

"ఇప్పుడేంది గిది?" వెంకటనర్సయ్య విసుక్కున్నాడు.

"బండికి గూడ ఆకలైతది గద పెద్దాయనా."

యువకుడు గోళ్లు కొరుకుతున్నాడు. ప్రసన్నకు ఒళ్లు మండింది.

"ఆ పిల్లగాని ఉసురు తాకుతది నీకు."

"నాకా?" ధర్మన్న బంకు అదిరేలా నవ్వాడు.

ఎల్బీనగర్ చేరేసరికి ఐదు దాటిపోయింది. యువకుడు లోపలికి పరుగెత్తాడు. ఒక్కడే ఎట్లా తట్టుకుంటాడోనని ప్రసన్న సంచి పట్టుకుని వెనకే వెళ్లింది.

ఐసీయూ అద్దంలోంచి చూసి ఆమె నిలబడిపోయింది. మల్లమ్మ మంచం మీద లేచి కూర్చుని, చాయ్‌లో చక్కెర లేదని నర్సును తిడుతోంది. బయట ఆమె కొడుకులు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తూ నవ్వుతున్నారు. గండం గడిచిందట. ప్రసన్నకు పట్టలేనంత సంతోషమైంది. ఆ మాటే చెబుదామని పక్కకు తిరిగితే, యువకుడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. మొహం మాడిపోయి ఉంది.

కాళ్లీడ్చుకుంటూ బయటికొచ్చిన అతని చేతికి చాయ్ గ్లాసు అందించి, ధర్మన్న మెల్లగా అన్నాడు: "బ్యాగులకెల్లి పాశం యాలాడుతున్నది, లోపల పెట్టుకో తమ్మీ, గిట్ల లేటుగ పోయే నా నౌకరి గూడ ఊడింది."