లెక్కల మాస్టారికి పరీక్ష

"మామిడి, గొడుగు, రైలు. ఈ మూడు మాటలూ గుర్తుపెట్టుకోండి సార్. కాసేపాగి మళ్లీ అడుగుతా" అన్నాడు డాక్టర్ మణికంఠ.

శ్రీరామమూర్తి గారు బుద్ధిగా తలూపారు. పక్క కుర్చీలో ఆయన భార్య ఉదయలక్ష్మి కూడా తలూపింది.

ఎల్బీ నగర్‌లోని ఆ ఆసుపత్రిలో పెద్దవయసు వాళ్ల వైద్యానికి ఒక విభాగం ఉంది. మతిమరుపు మీద పరిశోధన చేస్తారు. కొత్త డాక్టర్లకు శిక్షణ ఇస్తారు. మణికంఠ అందులో చేరి ఇంకా నెల కాలేదు. చేరతానన్న రోజున నాదర్‌గుల్‌లో వాళ్ల నాన్న నెత్తి కొట్టుకున్నాడు.

"గుండె డాక్టరువి కారాదురా! ముసలోళ్లకు గ్లూకోజు ఎక్కిస్తే సాలదా? దానికి మల్ల సదువెందుకు?"

"గంత అల్కగ ఉండదు నాయినా" అన్నాడు మణికంఠ.

ఇవాళ అతను మొదటిసారి సొంతంగా రోగిని చూస్తున్నాడు. శిక్షణ ఇచ్చే డాక్టర్ మృదుల పొద్దున్నే చెప్పింది.

"లోపల ఒక జంట ఉన్నారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చారు. సమస్య ఏమిటో నేను చెప్పను, నువ్వే చెప్పాలి. తొందరపడకు. ఇద్దరితోనూ మాట్లాడు."

సమస్య ఏమిటో కనిపెట్టడానికి మణికంఠకు ఎంతోసేపు పట్టలేదు.

"ఇయ్యాల ఏ వారం సార్?"

శ్రీరామమూర్తి గారు కిటికీలోంచి బయటికి చూశారు. బాగా ఆలోచించారు.

"ఆదివారమా?"

"ఆదివారం పూట ఆసుపత్రిలో ఇంతమంది ఉంటారుటండీ!" ఉదయలక్ష్మి నవ్వేసింది. "ఇంట్లోనూ ఇంతే బాబూ. ఏదీ గుర్తుండదు. ఈయనతో వేగలేక చస్తున్నాననుకోండి. ఇంతకీ మీదే ఊరు?"

"నాదర్‌గుల్ అమ్మా."

"ఓహో, విమానాలు నడపడం నేర్పుతారే, అక్కడా!"

మణికంఠ నవ్వి, మళ్లీ ఆయన వైపు తిరిగాడు.

"వందలోంచి ఏడు తీసేస్తే ఎంత సార్?"

"ఎనభై... ఎనభై ఏడా?"

"లెక్కల మాస్టారండీ ఈయన!" అంది ఉదయలక్ష్మి. "దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ కోచింగ్ సెంటర్‌కైనా వెళ్లి ఈయన పేరు చెప్పండి. లేచి నిలబడతారు. ఏవండీ, ఏడు పోతే ఎంతో కూడా తెలీదూ?"

"నువ్వు చెప్పు లక్ష్మీ."

"బావుంది! నేను చెప్పేస్తే ఇంక మీకు పరీక్షేముంది?"

మణికంఠ ప్రాణం చివుక్కుమంది. కాగితం, పెన్సిలు ఇచ్చి, గడియారం బొమ్మ గీసి పదకొండుంబావు చూపించమన్నాడు. ఆయన గుండ్రంగా ఒక గీత గీసి, అంకెలన్నీ ఒకే పక్కన కుక్కేశారు. ఉదయలక్ష్మి తనూ సరదాపడి ఒక కాగితం అడిగి గీసింది. మణికంఠ ఆయన బొమ్మను భద్రంగా ఫైలులో పెట్టుకున్నాడు. ఆవిడ బొమ్మను "బాగుందమ్మా" అని మర్యాదకు అని, చూడకుండానే బుట్టలో వేశాడు.

"ఇందాక చెప్పిన మూడు మాటలు చెప్పండి సార్."

ఆయన పెదవి విరిచి భార్య వైపు చూశారు.

"మామిడి!" అంది ఆవిడ ఉండబట్టలేక. "మిగతావి ఆయన్నే చెప్పనివ్వండి. అన్నీ నేనే అందిస్తుంటే ఎలా? ఇంతకీ మీదే ఊరు బాబూ?"

"నాదర్‌గుల్."

"ఓహో, విమానాలు నడపడం నేర్పుతారే, అక్కడా!"

పాపం, భర్త మీది దిగులుతో చెప్పింది కూడా చెవికెక్కడం లేదు అనుకున్నాడు మణికంఠ. ఇలాంటి రోగుల్ని చూసుకునేవాళ్లు ఎంత నలిగిపోతారో అతను పుస్తకాల్లో చదివాడు.

"పరేషాన్ కాకండమ్మా. మందులు రాస్తాం. సార్‌ను మాత్రం ఒక్కరినే బయటికి పంపకండి. స్కూటర్ అసలే వద్దు. మందుల డబ్బా, బీరువా తాళాలు, గ్యాస్ పొయ్యి, అన్నీ ఇకనుంచి మీరే చూసుకోవాలి."

"నేను కాక ఇంకెవరు చూస్తున్నారు బాబూ? ఆ తాళాలే, ఈయన రోజూ ఎక్కడో దాచేస్తారు. నేనేమో ఇల్లంతా వెతుక్కోవాలి."

శ్రీరామమూర్తి గారు తప్పు చేసినవాడిలా తల వంచుకున్నారు.

ఇంతలో సిస్టర్ వచ్చి, తోడొచ్చినవాళ్లకు కూడా బీపీ చూస్తాం రమ్మంది. "నాకెందుకమ్మా? గుండ్రాయిలా ఉన్నాను" అంటూనే ఉదయలక్ష్మి లేచి ఆమె వెంట వెళ్లింది.

మణికంఠ వరండాలోకి వచ్చి మృదులకు చెప్పాడు.

"మతిమరుపు బాగా ముదిరింది మేడం. అంత పెద్ద లెక్కల మాస్టారు, వందలోంచి ఏడు తీసెయ్యలేకపోయిండు. ఆమె మాత్రం గట్టి మనిషి. మంచిగ చూసుకుంటది. ఫికర్ లేదు."

మృదుల గది తలుపు వైపు చూపించింది.

"ఒక ప్రశ్న అడగడం మరిచిపోయావు మణికంఠా. అసలు ఇక్కడికి ఎందుకొచ్చారో ఆయన్ని అడిగిరా."

శ్రీరామమూర్తి గారు గదిలో ఒక్కరే ఉన్నారు. మణికంఠ ఆయన ఎదురుగా కూర్చుని, చిన్నపిల్లాడిని అడిగినట్టు ఒక్కో మాటా ఒత్తి పలికాడు.

"దవాఖానకు ఎందుకొచ్చిండ్రో యాదికుందా సార్?"

ఆయన తలుపు వేసి ఉందో లేదో చూసుకున్నారు. కుర్చీలో నిటారుగా సర్దుకున్నారు. గొంతు తగ్గించి అన్నారు:

"జబ్బు తనకని తెలిస్తే లక్ష్మి ఈ గుమ్మం తొక్కదు బాబూ, అందుకే నన్ను చూపించే వంకతో తనను తీసుకొస్తుంటాను."